తిరుపతి ఇంటికి చిన్న కుక్క: జాతిదా, క్రాసా, నాటుదా?

చిన్న కుక్క తెచ్చుకోవాలనుకునే ఇంట్లో మొదటి వాదన ఎప్పుడూ ఒకటే. పిల్లలు ఫోన్లో షిట్జూ ఫొటోలు చూపిస్తారు, పెద్దాయన "ఊరకుక్కకు మించింది లేదు" అంటాడు, ఇంటావిడ "ఎవరు కడుగుతారు?" అంటుంది. ముగ్గురి మాటలోనూ నిజముంది. కాబట్టి జాతి పేరును కాసేపు పక్కన పెట్టి మూడు సంగతులు తేల్చుకోండి. మే నెల మిట్టమధ్యాహ్నం కరెంటు పోతే ఆ కుక్క మీ ఇంట్లో ఎలా ఉంటుంది? దాని తల్లిని చూడగలరా? పెద్దయ్యాక ఎన్ని కిలోలు తూగుతుందో చెప్పగలరా? ఈ మూడింటికీ జవాబు దొరికితే అది జాతిదైనా క్రాసైనా పరవాలేదు. దొరకకపోతే ఎంత ధర పెట్టినా అనుమానపడాల్సిందే.

ముందు మాటలు సరిచేసుకుందాం

జాతి కుక్క అంటే తల్లీ తండ్రీ ఒకే జాతివై, ఆ వంశం కాగితం మీద నమోదై ఉన్నది. మన దేశంలో ఆ నమోదు చేసే పాత సంస్థ కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా, దాని ఆఫీసు చెన్నైలో ఉంది. కాగితం లేకుండా "ఒరిజినల్ సార్" అన్నదాన్ని చూడ్డానికి జాతిలా ఉన్న కుక్క అనుకోవాలి, అంతే. పెంచుకోవడానికి అదీ చాలు. కానీ ధర మాత్రం అంతవరకే ఇవ్వాలి.

క్రాస్ అన్న ఒక్క మాటలో రెండు రకాలున్నాయి. పామ్ (పామేరియన్)కీ లాసా అనే మరో చిన్న జాతికీ పుట్టింది ఒకటి, పామ్‌కీ వీధికుక్కకీ పుట్టింది ఇంకొకటి. నాటుకుక్క ఈ రెండింటిలోనూ చేరదు. ఎవరూ పనిగట్టుకుని కలపకుండా, వందల తరాలుగా ఈ ఎండలో, ఈ తిండి మీద నిలిచిన రకం అది. పట్నాల్లో దాంట్లో కొంత పామ్ రక్తం, కొంత జర్మన్ షెపర్డ్ రక్తం కలిసిన మాట నిజమే.

పామ్ గురించి ఒక మాట. తిరుపతి, చిత్తూరు వీధుల్లో మనం పామేరియన్ అని పిలిచేదాంట్లో చాలామటుకు ఇండియన్ స్పిట్జ్. అసలు పామేరియన్ 3 కిలోల చుట్టుపక్కల ఆగిపోతుంది. స్పిట్జ్‌లో చిన్నరకం 5 నుంచి 7 కిలోలు, పెద్దరకం 12 దాటుతుంది. పామ్ ధరకు స్పిట్జ్ అంటగట్టడం మామూలే. ధర సంగతి వదిలేస్తే ఆ మోసంలో మీకు మేలే జరిగినట్టు. స్పిట్జ్ తరాల తరబడి ఇక్కడే పెరిగింది, ఎముక గట్టిది.

1. కుక్కను చూసే ముందు ఇంటిని చూడండి

వేడి. తిరుపతిలో ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం మామూలు. పలమనేరు, కుప్పం వైపు ఎత్తు ప్రాంతం కాబట్టి కాస్త నయం. కుక్కకు ఒళ్ళంతా చెమట పట్టదు. నాలుక చాపి రొప్పడం, ముక్కు లోపలి తడి ఆరడం, వీటితోనే వేడి దింపుకుంటుంది. ముక్కు ఎంత పొట్టిదైతే ఈ పని అంత కష్టం. కుక్కను ఉంచాలనుకున్న గదిలో మధ్యాహ్నం 3 గంటలకు ఫ్యాన్ ఆపి పావుగంట కూర్చోండి. పై అంతస్తులో శ్లాబు కింద గదైతే సాయంత్రం 7 గంటలకు ఇంకోసారి కూర్చోండి, ఎందుకంటే శ్లాబు వేడి దిగేది అప్పుడే. మీకు ఊపిరాడకపోతే పగ్‌కు అసలే ఆడదు.

ఒంటరిగా ఉండే గంటలు. కూన మూత్రం ఆపుకోగలిగే సమయానికి ఒక మోటు లెక్కుంది: వయసు నెలల్లో ఎంతో దానికి ఒకటి కలిపితే అన్ని గంటలు. రెండు నెలల కూన 3 గంటలు. ఇద్దరూ ఉదయం 9కి వెళ్ళి సాయంత్రం 6కి వచ్చే ఇంట్లో రెండు నెలల కూన ఏ జాతిదైనా ఇబ్బందే. అలాంటివాళ్ళు ఏడాది దాటిన కుక్కను చూసుకోవాలి.

చుట్టాలు. తిరుపతిలో ఇల్లుందంటే దర్శనానికి వచ్చేవాళ్ళకు లెక్కుండదు. తెల్లారుజామున మూడింటికి సూట్‌కేసులతో దిగుతారు, గేటు తెరిచి వదిలేస్తారు, వాళ్ళ పిల్లలు కుక్క తోక పట్టుకుంటారు. కొత్తవాళ్ళను చూసి వణికిపోయేది, లేదా ప్రతి అడుగుకూ అరిచేది ఈ ఊళ్ళో ఎంత అవస్థపడుతుందో, ఎంత అవస్థపెడుతుందో కొనేముందే ఆలోచించండి.

పిల్లల వయసు. ఐదేళ్ళలోపు పిల్లలుంటే 4 కిలోలకు తక్కువ తూగే కుక్క వద్దు. చంకలోంచి జారినా, సోఫా మీదనుంచి టైల్స్ మీదకు దూకినా ముంగాలు పుటుక్కుమంటుంది. ఆ ఇంట్లో 7 నుంచి 15 కిలోల మధ్యది పిల్లలకూ కుక్కకూ క్షేమం.

అపార్ట్‌మెంట్ అయితే: జాతిని బట్టి, సైజును బట్టి కుక్కను నిషేధించే హక్కు అసోసియేషన్‌కు లేదని జంతు సంక్షేమ మండలి మార్గదర్శకాలు చెబుతున్నాయి. అయినా కింది అంతస్తువాళ్ళతో ముందే ఒక మాట చెప్పి తేవడం మేలు, రేపు అరుపులు వినాల్సింది వాళ్ళే కదా.

2. పెద్దయ్యాక ఎంత ఉంటుందో అంచనా కట్టడం

జాతి కుక్క కొనడంలో నిజంగా దక్కే లాభం ఇదొక్కటే: సైజు, బొచ్చు ముందే తెలుస్తాయి. గుణం కూడా తెలుస్తుందనుకుంటారు గానీ అది అంతగా నిలవదు. అమెరికాలో 18 వేలకు పైగా కుక్కల మీద సర్వే చేసి 2022లో వెలువరించిన పరిశోధనలో, ఒక్కో కుక్క ప్రవర్తనలో కనిపించే తేడాల్లో జాతి వల్ల వచ్చేది 9 శాతం దగ్గరే తేలింది. మిగతాది పెంపకం, తల్లి, చిన్నప్పటి అనుభవం, ఆ ఒక్క కుక్క తీరు.

క్రాస్ కూనకు ఇలా చేయండి. నాలుగు నెలల వయసులో తూకం వేయండి. చిన్న, మధ్యరకం కుక్కలు ఆ వయసుకు పెద్దయ్యాక ఉండే బరువులో దాదాపు సగం వస్తాయి. 4 నెలలకు 7 కిలోలుంటే 14 దగ్గర ఆగుతుందని అర్థం. రెండు నెలల కూనను చూసి ఈ లెక్క కట్టలేం. అప్పుడు తల్లిని చూడ్డమే దారి. పిల్ల తల్లికంటే మరీ పెద్దదైతే తండ్రి పెద్దవాడన్నమాట. మన నాటుకుక్క సాధారణంగా 15 నుంచి 25 కిలోలు. కాబట్టి వీధి కూనను తెచ్చి "చిన్నగానే ఉంటుందిలే" అనుకోకండి.

"టీకప్" అనే జాతి లేదు. ఆ పేరుతో వచ్చేది ఒక కాన్పులో అందరికంటే నలిగిన పిల్ల, తిండి తగ్గించి పెంచిన పిల్ల, లేదా వయసు ఎక్కువ చెప్పిన పిల్ల. కిలో కూడా లేని కూనకు నాలుగైదు గంటలు తిండి పడకపోతే రక్తంలో చక్కెర పడిపోయి మూర్ఛ రావచ్చు.

3. చిన్న జాతులు, మన ఎండలో

పగ్. హచ్ ఫోన్ ప్రకటనతో ఇంటింటికీ తెలిసిన మొహం. మంచి స్వభావం, పిల్లలతో ఓపిక. కానీ ముక్కు రంధ్రాలు సన్నం, అంగిలి గొంతులోకి సాగి ఉంటుంది. గురక ముద్దుగా ఉందంటారు గానీ అది గాలి అందని శబ్దం. ఏసీ గది, దానికి ఇన్వర్టర్ లేదా జనరేటర్ లేని ఇంట్లో తిరుపతి వేసవి దీనికి ప్రాణగండం. మా మాట అడిగితే ఈ ఊళ్ళో పగ్ వద్దు.

షిట్జూ, లాసా. రెండూ టిబెట్ చలికి పుట్టిన బొచ్చు. షిట్జూ ముక్కు కూడా పొట్టిదే, లాసాది కాస్త నయం. రోజూ 10, 15 నిమిషాలు దువ్వాలి, నాలుగైదు వారాలకోసారి కత్తిరించాలి. దువ్వకపోతే చెవుల వెనక, చంకల్లో, తోక కింద జడలు కట్టి, అక్టోబరు వానలకు ఆ జడల కింద చర్మం చెడుతుంది. కళ్ళు పెద్దవి, ఆరిపోయే జబ్బు వస్తుంది. మీ ఇంట్లో ఆ 15 నిమిషాలు ఎవరివో పేరు పెట్టి చెప్పగలిగితేనే తేవాలి.

డ్యాషౌండ్. పొట్టి బొచ్చు, పొడుగు ముక్కు, ఎండకు మిగతావాటికంటే బాగా ఓర్చుకుంటుంది. దీని గండం వెన్నెముక. వెన్నుపూసల మధ్య డిస్కు జారి వెనక కాళ్ళు పడిపోతాయి. మేడ మెట్లు రోజుకు పదిసార్లు ఎక్కి దిగే ఇంటికి, మంచం మీదకు ఎక్కించుకునే ఇంటికి ఇది తగదు. బరువు పెరగనివ్వకూడదు. ఎత్తుకునేటప్పుడు ఒక చెయ్యి రొమ్ము కింద, ఇంకొకటి వెనక భాగం కింద ఉండాలి. పిల్లలు ముంగాళ్ళు పట్టుకుని లేపడం ముందు మాన్పించండి.

ఇండియన్ స్పిట్జ్. తెలివైంది, ఇంటిని పట్టుకుని ఉంటుంది, అరుపు ఎక్కువ. బొచ్చు రెండు పొరలు. వేసవిలో గుండు కొట్టించకండి, పైపొర ఎండను ఆపుతుంది. దువ్వి లోపలి ఊలు తీసేస్తే చాలు. మోకాలి చిప్ప జారడం, ఆరేడు నెలలకూ పాలపళ్ళు ఊడకుండా ఉండిపోవడం చూసుకోవాలి. చిన్న జాతుల్లో మన జిల్లాలకు ఇదే మొదటి ఎంపిక.

బీగిల్ చిన్నదని కొంటారు గానీ వేట కుక్క. రోజుకు గంటన్నర తిప్పకపోతే సోఫా చీలుస్తుంది, తిండి కనిపిస్తే ఆగదు, ఊళ వేస్తే రెండు వీధులు లేస్తాయి. మినియేచర్ పిన్షర్ ఎండకు మంచిది, గేటు సందులోంచి పారిపోవడంలో మొనగాడు. చివావా, మాల్టీస్ పెద్దవాళ్ళు మాత్రమే ఉండే ఇళ్ళకు.

4. క్రాస్, నాటు: ఎంతవరకు నమ్మొచ్చు

"క్రాస్‌కు జబ్బులు రావు" అన్న మాట సగమే నిజం. కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 24 వంశపారంపర్య జబ్బులను లెక్కించి 2013లో వెలువరించిన ఫలితం ఇది: 10 జబ్బులు జాతి కుక్కల్లో ఎక్కువ, 13 రెండింటిలోనూ సమానం, ఒకటి, మోకాలి లిగమెంటు తెగడం, క్రాస్ కుక్కల్లోనే ఎక్కువ. కాబట్టి క్రాస్ అనగానే హామీ దొరికినట్టు కాదు, పాచిక మన వైపు కొంచెం మొగ్గినట్టు.

ఆ మొగ్గు కూడా ఏది దేనితో కలిసిందన్నదాన్ని బట్టే. పగ్‌నూ షిట్జూనూ కలిపితే రెండూ పొట్టిముక్కువే, పిల్లకు ముక్కెక్కడినుంచి వస్తుంది? డ్యాషౌండ్ క్రాస్ పొడుగు నడుముతో పుడితే డిస్కు భయం అలాగే ఉంటుంది. స్పిట్జ్‌కూ నాటుకుక్కకూ పుట్టిన పిల్ల మాత్రం మన దగ్గర చాలాసార్లు చక్కగా తేలుతుంది: 8 నుంచి 14 కిలోలు, పొడుగు ముక్కు, మధ్యరకం బొచ్చు. ఇక పార్వో (రక్త విరేచనాల వైరస్ జబ్బు), డిస్టెంపర్ (ఇదీ వైరస్ జబ్బే), రేబిస్, గోమారి (పిడుదు) జ్వరం వంశం చూసి రావు. టీకా పడని నాటు కూన పార్వోకు జాతి కూనలాగే చచ్చిపోతుంది.

వీధి కూనలో నిజమైన చిక్కు వేరే ఉంది. కూనకు మూడు నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల మధ్య చూసిందీ విన్నదీ జీవితాంతం "మామూలు" అనిపిస్తుంది. ఆ సమయంలో మనుషుల చెయ్యి తగలనిది, రాళ్ళు మాత్రమే తిన్నది పెద్దయ్యాక భయంతో కరిచే అవకాశం ఎక్కువ. కాబట్టి వీధి కూనను తెచ్చుకోవాలనుకుంటే ఎవరో ఒకరి గడప దగ్గర, కొట్టు దగ్గర మనుషుల మధ్య పెరుగుతున్నదాన్ని ఎంచుకోండి. తల్లి మనుషుల దగ్గరికి తోకాడిస్తూ వస్తుందా, పళ్ళు చూపిస్తుందా అన్నది అక్కడే తెలిసిపోతుంది.

ఇంకో దారి చాలామంది ఆలోచించరు: ఏడాది, రెండేళ్ళ చిన్న క్రాస్ కుక్క. యజమాని బదిలీ అయ్యో, పాప పుట్టో వదిలించుకోవాలనుకున్నవి ఎప్పుడూ ఉంటాయి. సైజు తెలుసు, గుణం తెలుసు, ఇంట్లో ఒంటికి, రెంటికి పోవడం ఆగిపోయి ఉంటుంది. మొదటిసారి కుక్కను పెంచే ఇంటికి ఇంతకంటే తేలికైంది లేదు. పిల్లప్పటినుంచి పెంచకపోతే మాలిమి కాదన్నది వట్టి మాట. రెండు మూడు నెలల్లో కొత్త ఇంటికి అలవాటు పడిపోతుంది.

5. పిల్లను చూడ్డానికి వెళ్ళినప్పుడు

ఇక్కడ తొందరపడకండి. గంట సమయం పెట్టుకుని, వెలుతురు ఉన్నప్పుడు, చిన్న పిల్లల్ని ఇంట్లో వదిలి వెళ్ళండి. పిల్లలు వెంట ఉంటే ఏదో ఒకదాన్ని ఎత్తుకునే వస్తారు, ఆ సంగతి అమ్మేవాడికీ తెలుసు.

ముందు తల్లి. పిల్లలు పుట్టిన చోటే, తల్లి దగ్గరే చూడాలి. "తల్లి చెన్నైలో ఉంది సార్", "రేణిగుంట స్టేషన్ దగ్గర ఇస్తాం, సగం డబ్బు ముందే పంపండి" అంటే అక్కడితో ఆపేయండి. చెన్నై నుంచో బెంగళూరు నుంచో బుట్టలో, బస్సు లగేజీలో వచ్చిన నెల రోజుల కూన దారిలోనే జబ్బు తగిలించుకుని ఉంటుంది. మీ ఇంటికొచ్చిన నాలుగో రోజు అది బయటపడుతుంది. తల్లి ఈసురోమంటూ, రొమ్ములు వేలాడుతూ, కాన్పు మీద కాన్పు అయినట్టు కనిపిస్తే అది పిల్లల్ని తయారుచేసే దుకాణం. 2017 నాటి కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం 18 నెలలు నిండని ఆడకుక్కను జత కట్టించకూడదు, ఏడాదికి ఒక కాన్పు మించకూడదు, 8 వారాలు నిండని కూనను అమ్మకూడదు, అమ్మేవాడికి నమోదు పత్రం ఉండాలి.

వయసు. అందరూ "45 రోజులు" అంటారు. అది నిజమైనా 8 వారాలకు తక్కువే. నోరు తెరిచి చూడండి. ముందు పళ్ళు, కోరలు వచ్చి, బుగ్గల వైపు పళ్ళు కూడా మొలిచి మొత్తం 28 ఉంటే 8 వారాల లెక్క సరిపోయింది. వెనక చిగురు బోసిగా ఉంటే నాలుగైదు వారాల పసిగుడ్డు. తోబుట్టువులతో కొరుక్కుంటూ ఎంత గట్టిగా కొరికితే ఎదుటిది కేకేస్తుందో నేర్చుకునేది సరిగ్గా ఆ రోజుల్లోనే. ముందే విడదీసిన కూన ఆ కొలత తెలియక మీ పిల్లల చేతుల మీద నేర్చుకుంటుంది.

తర్వాత ఒళ్ళు, ముక్కు నుంచి తోక దాకా:

చిగుళ్ళు గులాబీ రంగులో తడిగా ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడ్డ చోటికి రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలి. పాలిపోయి ఉంటే కడుపులో ఏలికపాములో, ఒంటి మీద గోమార్లో రక్తం తాగేస్తున్నాయి.

పొట్టిముక్కు జాతైతే రంధ్రాలు గుండ్రంగా తెరిచి ఉన్నాయా, గీత గీసినట్టు మూసుకున్నాయా చూడండి. ఐదు నిమిషాలు ఆడించి నోరు మూసినప్పుడు శబ్దం వినండి.

కంటి లోపలి మూలలో ఎర్రటి ముద్ద ఉంటే చెర్రీ ఐ, ఆపరేషన్ తప్పదు. చెవి దగ్గర ముక్కు పెట్టి వాసన చూడండి, పులిసిన వాసన వస్తే ఫంగస్.

బొడ్డు దగ్గర మెత్తటి ఉబ్బు హెర్నియా. చిన్నదైతే కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌తోపాటు సరిచేస్తారు, పెద్దదైతే వదిలేయండి. కడుపు కుండలా, పక్కటెముకలు బయటపడి ఉంటే ఏలికపాములు. తోక ఎత్తి చూడండి, అక్కడి వెంట్రుకలు అట్టకట్టి ఉంటే విరేచనాలు. ఆ కాన్పులో ఏ పిల్లనూ తీసుకోవద్దు, బాగా కనిపిస్తున్నదాన్ని కూడా.

నేల మీద వదిలి నడక చూడండి. పామ్, స్పిట్జ్ పరిగెత్తుతూ పరిగెత్తుతూ ఒక వెనక కాలు ఎత్తి, మూడు కాళ్ళ మీద రెండు గంతులు వేసి, ఏమీ జరగనట్టు మళ్ళీ నాలుగో కాలు దించితే నవ్వుకుని వదిలేస్తారు చాలామంది. అది ఆట కాదు, మోకాలి చిప్ప పక్కకు జారి మళ్ళీ కూర్చోవడం. తల్లిని కూడా పరిగెత్తించి చూడండి.

గుణం చూడ్డానికి స్టీలు చెంచా ఒకటి చాలు. కూన మీకు వెనక్కి తిరిగి ఉన్నప్పుడు రెండు గజాల దూరంలో నేల మీద పడేయండి. ఉలిక్కిపడి, కాసేపటికి వచ్చి వాసన చూస్తే మంచిది. మూలకు దూరి బయటికి రాకపోతే సందడి ఇంటికి తగదు. అసలు తిరగకపోతే చెవులు వినిపించకపోవచ్చు, ముఖ్యంగా ఒళ్ళంతా తెల్లగా ఉన్నవాటిలో. ఏడాది దాటిన కుక్కనైతే పాదాలు పట్టి, చెవులు తాకి, తింటున్న గిన్నె దగ్గరగా నడిచి చూడండి. బిగుసుకుపోయి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూస్తే, అది గుర్రుమనకపోయినా మీ ఇంట్లో చిన్న పిల్లలుంటే వద్దు.

అమ్మకం మాటలు కొన్ని తెలిసి ఉండాలి. "డబుల్ బోన్", "ట్రిపుల్ కోట్" అనేవి ఏ జాతి ప్రమాణంలోనూ లేవు. "పంచ్ ఫేస్" అంటే ముక్కు ఇంకా లోపలికి పోయిందని, అంటే ఊపిరి ఇంకా కష్టమని. జబ్బుకు అదనపు ధర ఇవ్వడమన్నమాట.

6. కాగితాలు

కెన్నెల్ క్లబ్ కాగితం ఉందంటే కూనకు మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే చిన్న గుర్తింపు చిప్) ఉండాలి. పశువైద్యుడి దగ్గర స్కానర్‌తో చదివించి ఆ 15 అంకెలు కాగితం మీద ఉన్నవేనా చూసుకోండి. "కాగితాలు తర్వాత పంపిస్తాం" అన్నవి రావు. టీకా కార్డులో మందు సీసా లేబుల్ అంటించి, తేదీ, డాక్టరు సంతకం, ముద్ర ఉండాలి. పెన్నుతో గీసిన తేదీలను టీకాగా లెక్కపెట్టకండి. పది రోజుల్లోపు పార్వో, డిస్టెంపర్ బయటపడితే డబ్బు తిరిగిస్తామని రాయించుకోండి. రాయనంటే మీరే ఇంకో చోటు చూసుకోవాలి.

7. ఇంటికి తెచ్చాక

తెచ్చిన రోజో మర్నాడో పశువైద్యుడి దగ్గరికి. తిరుపతిలో 1955 నుంచి పశువైద్య కళాశాల ఉంది, ఇప్పుడది శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగం. రక్తపరీక్ష, ఆపరేషన్ అవసరమైన కేసులకు దాని బోధనాసుపత్రి జిల్లాకే పెద్ద ఆసరా. కార్డులో ఇలా సాగాలి: 6 నుంచి 8 వారాలకు మొదటి కలగలుపు టీకా, మూడు నాలుగు వారాలకోసారి 16 వారాలు నిండేదాకా, 3 నెలలకు రేబిస్, ఆపైన ఏటా. ఏలికపాముల మందు 6 నెలలదాకా నెలకోసారి, తర్వాత మూడు నెలలకోసారి. ఏటా జులై 6న జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం నాడు ప్రభుత్వ పశువైద్యశాలల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తుంటారు.

టీకాలు పూర్తయ్యేదాకా కూనను వీధి నేల మీద నడిపించకండి, ఎత్తుకుని తిప్పండి. బండి శబ్దం, గుడి మైకు, పెళ్ళి బ్యాండు, గొడుగు, హెల్మెట్ పెట్టుకున్న మనిషి, ఇవన్నీ ఆ వయసులోనే చూడాలి. గడిచిన ఆరు నెలల్లో మీ ఇంట్లో ఏ కూనైనా రక్త విరేచనాలతో చనిపోయి ఉంటే ఇప్పుడు కూన తేవద్దు. పార్వో వైరస్ నేలలో నెలల తరబడి ఉంటుంది, ఫినాయిల్‌ను నమ్ముకోవద్దు. ఒక వంతు బ్లీచింగ్ ద్రావణం, 30 వంతుల నీళ్ళు, పది నిమిషాలు తడిగా ఉంచాలి. టీకాలు పూర్తయిన పెద్ద కుక్కనైతే తేవచ్చు.

మొదటి వారం పాత ఇంట్లో తిన్నదే పెట్టండి. తర్వాత వారంలో రోజుకు కొంచెంగా మార్చండి.

8. తిండి: కిలోలను బట్టి ఖర్చు

కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిన 5 కిలోల కుక్కకు రోజుకు సుమారు 370 కేలరీలు, 15 కిలోలదానికి 850 దాకా. పొడి తిండైతే దాదాపు 100 గ్రాములు, 240 గ్రాములు. నెలకు 3 కిలోలకూ 7 కిలోలకూ తేడా ఇది. గోమార్ల మాత్ర ధర కూడా బరువును బట్టే పెరుగుతుంది. కాబట్టి క్రాస్ ఉచితంగా వచ్చినా పెద్దదైతే పోషణ చిన్న జాతికుక్కకంటే ఎక్కువే పడొచ్చు. కాకపోతే షిట్జూ బొచ్చు కత్తిరింపు ఖర్చు ఆ తేడాను మింగేస్తుంది.

శాకాహారం ఇంట్లో కుక్క బతకదన్నది తప్పు. కుక్క అన్నీ తినే జంతువే. కానీ పెరుగన్నం ఒక్కటే పెడితే మాంసకృత్తులు, కాల్షియం చాలక కూన కాళ్ళు వంకరపోతాయి. ఏడాదిలోపు దానికి సంపూర్ణమని రాసి ఉన్న కొనుగోలు తిండే పెట్టండి, శాకాహార రకాలూ దొరుకుతాయి. రాగి సంగటి మిగిలితే ఒక ముద్ద పెట్టొచ్చు. దానితోపాటు ఊరిబిండి, పులుసు వద్దు. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలను విరిచేస్తాయి.

ఈ ఊరికే ప్రత్యేకమైన ప్రమాదం ఒకటుంది. శ్రీవారి లడ్డూలో ఎండుద్రాక్ష ఉంటుంది. ద్రాక్ష, ఎండుద్రాక్ష కొన్ని కుక్కల్లో మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ఎన్ని తింటే అన్నది ముందుగా చెప్పలేం, 4 కిలోల కుక్కకు కొన్ని గింజలే ఎక్కువ కావచ్చు. "ప్రసాదం కదా, ఒక ముక్క" అని వచ్చిన చుట్టాలు పెట్టేస్తారు. లడ్డూ సంచి బల్ల మీద కాదు, ఫ్రిజ్ పైన పెట్టండి. తినేసిందని తెలిస్తే వాంతి అయ్యేదాకా ఎదురుచూడకుండా వెంటనే డాక్టరు దగ్గరికి.

9. గోమార్లు, ఎండ, రాత్రి

గోమార్లు, కొందరు పిడుదులంటారు, మన దగ్గర ఏడాదంతా ఉంటాయి. ఒక్క ఆడ గోమారి వేల గుడ్లు పెడుతుంది. అదీ కుక్క మీద కాదు, గోడ నెర్రెల్లో, పూలకుండీల వెనక. కుక్కకు మాత్రమే మందు వేసి ఇల్లు వదిలేస్తే నెలలో మళ్ళీ మొదటికే వస్తుంది. కుక్కకు బరువు ప్రకారం మాత్ర, ఇంటికి నెర్రెలు పూడ్చడం, రెండూ జరగాలి. గోళ్ళతో పీకి నలపకండి. పట్టకారుతో చర్మానికి ఆనించి నిటారుగా లాగి సబ్బు నీళ్ళలో వేయండి. జ్వరం, తిండి మానడం, ముక్కునుంచి రక్తం, పొట్ట చర్మం మీద ఎర్ర చుక్కలు కనిపిస్తే ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయని అనుమానించి అదే రోజు రక్తపరీక్ష చేయించాలి. తెల్ల బొచ్చు స్పిట్జ్‌లో గోమారి కనిపించదు, వేళ్ళతో వెతకాలి. పొట్టి బొచ్చు నాటుదానిలో కంటికే కనిపిస్తుంది.

వేసవిలో నడక ఉదయం ఆరున్నరలోపు, రాత్రి ఏడు తర్వాత. అరచేతి వెనక భాగం రోడ్డు మీద 7 సెకన్లు పెట్టలేకపోతే కుక్క పాదం కూడా పెట్టలేదు. వడదెబ్బ తగిలితే నాలుక ఎర్రబడి, చొంగ చిక్కగా కారి, తూలుతుంది. వెంటనే కుళాయి నీళ్ళు ఒంటి మీద ధారగా పోస్తూ ఫ్యాన్ పెట్టండి. తడి తువ్వాలు కప్పి ఉంచితే వేడి లోపలే ఆగిపోతుంది. ముందు చల్లార్చి, ఆపైన ఆసుపత్రికి.

శేషాచలం అడుగున, అలిపిరి, కపిలతీర్థం వైపు, విశ్వవిద్యాలయాల చుట్టుపక్కల ఉండేవాళ్ళు కుక్కను రాత్రి ఆరుబయట కట్టేయకండి. చిరుతకు కుక్క తేలికైన వేట. కట్టేసిన కుక్క తానూ పోతుంది, చిరుతను గుమ్మం దాకా రప్పిస్తుంది కూడా.

ఎవరికి ఏది

ఇద్దరూ ఉద్యోగాలు, మొదటి కుక్క: ఏడాది దాటిన, 8 నుంచి 14 కిలోల క్రాస్. చిన్న పిల్లలు, కింది అంతస్తు, చిన్న పెరడు: మనుషుల మధ్య పెరిగిన స్పిట్జ్ క్రాస్, పెద్ద సైజుకు సిద్ధమైతే నాటు. రిటైరైన దంపతులు, అపార్ట్‌మెంట్, లిఫ్ట్: చిన్న ఇండియన్ స్పిట్జ్. మెట్లు లేని ఇల్లైతే డ్యాషౌండ్ కూడా. షిట్జూయే కావాలని పిల్లలు పట్టుబడితే పలమనేరు చలువలోనైనా, తిరుపతిలో ఏసీ గదిలోనైనా సరే, దువ్వెన ఎవరి చేతిలో ఉంటుందో ముందు తేలాలి. పక్షవాతంతోనో, నడవలేకనో ఉన్న పెద్దవాళ్ళ ఇంట్లో కూనే వద్దు, కాళ్ళకు అడ్డం పడుతుంది.

ఏది తెచ్చినా ఆరు నెలల తర్వాత కుటుంబ నియంత్రణ ఆపరేషన్ సంగతి డాక్టరుతో మాట్లాడండి. ఆడకుక్కకు మొదటి ఎదకు ముందే చేయిస్తే రొమ్ము కణుతులు బాగా తగ్గుతాయి, గర్భసంచికి చీము పట్టే జబ్బు రాదు. ఇంట్లో ఎవరినైనా కరిచినా, పంటితో గీరినా, టీకా వేసిన మన కుక్కేగా అని ఊరుకోవద్దు. పారే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి, పసుపు, సున్నం, కారం పెట్టకండి, అదే రోజు రుయా ఆసుపత్రికో దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికో కుక్క టీకా కార్డు చేత్తో పట్టుకుని వెళ్ళండి.